టేకు బెంచీ జిగురెక్కింది, మామయ్యగారికి కోపమొచ్చింది

ఈ వారం ఉత్తరం ఒక డాక్టరుగారిది. పేరూ ఊరూ రాయొద్దన్నారు కాబట్టి, కోస్తాలో సముద్రపు గాలి తగిలే ఒక చిన్న పట్టణం అని మాత్రం చెప్పి ఊరుకుంటాను.

ఆవిడకు ముప్ఫై రెండేళ్లు. మామగారూ డాక్టరే. 1984లో ఇంటి ముందు రెండు గదుల్లో ప్రాక్టీసు పెట్టి, ఇప్పటికీ పొద్దున రెండు గంటలు కూర్చుంటున్నారు. మిగతా రోజంతా కోడలే చూస్తున్నారు. రోజుకు యాభై, అరవై మంది పేషెంట్లు. హాల్లో నాలుగు టేకు బెంచీలు, వాటి మీద పోయిన అత్తగారు తన చేత్తో కుట్టిన గళ్ల గుడ్డ దిండ్లు. లోపలి గదిలో చిరుగులకు ప్లాస్టరు అంటించిన రెక్సిను ఎగ్జామినేషన్ టేబుల్, గుడ్డ కట్టిన చెక్క తెర, మామగారి కేన్ కుర్చీ.

కోడలు వచ్చాక రోజుకు రెండుసార్లు బెంచీలన్నీ శానిటైజరుతో తుడిపించడం మొదలుపెట్టారు. నాలుగు నెలలకు బెంచీలు తెల్లమచ్చలు పడి, కూర్చున్నవాళ్ల చీరలు అంటుకునేంత జిగురెక్కాయి. "నలభై ఏళ్లు నిలిచిన కలపను నాలుగు నెలల్లో నాశనం చేశావమ్మా" అన్నారట మామగారు, అదీ పేషెంట్ల ముందు. తర్వాత ఒక సాయంత్రం ఒక పసివాడు దిండు మీద వాంతి చేసుకున్నాడు. ఆయా దాన్ని నీళ్లతో తుడిచి, తిరగేసి పెట్టేసింది. మర్నాడు వాసన వచ్చి చూసిన డాక్టరుగారు ఆవిడ మీద గట్టిగా కేకలేశారు. పదిహేడేళ్లుగా పనిచేస్తున్న మనిషి, ఆ రోజు వెళ్లి మూడు వారాలైనా మళ్లీ రాలేదు.

ఇంతలో ఇంకో ముడి. క్లినిక్కు మొత్తం మార్చడానికి మూడున్నర లక్షలు పెట్టుకున్నారు. ఆడపడుచు భర్తకు విజయవాడలో ఫర్నిచర్ షోరూం ఉంది. ఆయన "కార్పొరేట్ లుక్కు" పేరుతో బూడిద రంగు గుడ్డ సోఫాలు ఎంపిక చేశారు, ఈవిడ భర్త అడగకుండానే యాభై వేలు అడ్వాన్సు ఇచ్చేశారు. గుడ్డ సోఫా వద్దంటే, "ఇది యాంటీ బ్యాక్టీరియల్ క్లాత్ చెల్లెమ్మా" అన్నారట షోరూం అన్నయ్యగారు.

ఉత్తరంలో నన్ను ఆపేసిన వాక్యం ఒకటుంది: "నేను శుభ్రం అన్నప్పుడల్లా, మీరంతా మురికివాళ్లు అంటున్నట్టు ఈ ఇంట్లో వినిపిస్తోంది." ఏం కొనాలి, మామయ్యగారికి ఎలా చెప్పాలి, అన్నయ్యగారి దగ్గర ఎలా బయటపడాలి అని అడిగారు.

డాక్టరమ్మా,

నేను ముప్ఫై నాలుగేళ్లు నర్సుగా చేసి రిటైరైనదాన్ని. మందుల విషయంలో మీకు చెప్పగలిగేది ఏమీ లేదు. బల్లలు తుడిపించడంలో మాత్రం నాకు కాస్త అధికారం ఉందనుకుంటాను. చాలా ఏళ్లు నా ఉద్యోగం అదే.

ముందు ఆ బెంచీ సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే మీ ఇంట్లో గొడవకు మొదలు అక్కడే ఉంది. ఆ కాలంలో మన ఊళ్లలో వడ్రంగులు టేకుకు ఎక్కువగా వేసింది లక్క పాలిష్. లక్కను స్పిరిట్‌లో కరిగించి, గుడ్డ ఉండతో పూత మీద పూత రుద్దుతారు. స్పిరిట్‌లో కరిగించి వేసినదాన్ని స్పిరిట్‌తో తుడిస్తే ఏమవుతుంది? మళ్లీ కరుగుతుంది. శానిటైజరులో ఉన్నది ఆల్కహాలేగా! మీరు నాలుగు నెలలపాటు రోజుకు రెండుసార్లు ఆ పాలిష్‌ను కొంచెం కొంచెంగా కరిగించి, మళ్లీ ఆరబెట్టారన్నమాట. దానికి తోడు జెల్ శానిటైజరైతే దాని బంక కూడా మిగిలిపోతుంది. అనుమానంగా ఉంటే బెంచీ అడుగున, ఎవరికీ కనబడని చోట, స్పిరిట్ తడిపిన దూదితో అర నిమిషం రుద్దండి. దూదికి తేనె రంగు అంటుకుని, వేలికి చెక్క జిగురుగా తగిలితే అది లక్కే.

మరి తప్పెవరిది? కలపా పాడవలేదు, మీరు చేసిన పనీ చెడ్డది కాదు. ఆ పూతకు ఆ మందు పడలేదు, అంతే. డాక్టరుకు ఈ మాట అర్థం కాకపోదు. ఏ మందు ఏ ఒంటికి పడదో చూడటమే కదా ఆయన నలభై ఏళ్లుగా చేస్తున్నది. ఆ దూది ముక్కను ఆయన చేతికిచ్చి చూపించండి. మీరు వాదించేకంటే అదే బాగా చెబుతుంది.

ఇక ఆయా. మీకు కష్టంగా అనిపించినా చెబుతాను. వాంతి పడిన దిండును ఆవిడ ఏం చెయ్యాల్సింది? మార్చడానికి ఇంకో దిండు ఉందా? విప్పి ఉతకడానికి గలేబుకు జిప్పు ఉందా? లోపలికి తడి దిగకుండా ప్లాస్టిక్ పొర ఉందా? హాల్లో ఇరవై మంది కూర్చుని ఉన్నారు, లోపలి నుంచి మీరు తర్వాతి పేషెంటును పిలుస్తున్నారు. చేతిలో ఉన్న గుడ్డతో తుడిచి తిరగేసింది. దూది దిండులోకి దిగిన వాంతిని ఎవరూ శుభ్రం చెయ్యలేరు, నేనైనా సరే. తుడవడానికి వీల్లేని వస్తువును అక్కడ పెట్టి, తుడవలేదని ఆవిణ్ని తిట్టారు. నేనూ ఈ తప్పు చేశాను. ఒక వార్డులో డ్రెస్సింగ్ ట్రాలీకి తుప్పు పట్టిందని ఒక స్వీపర్ను నెల రోజులు సాధించాను. చివరికి తెలిసిందేమిటంటే, బ్లీచింగ్ నీళ్లు చిక్కగా కలిపించి, పైన మంచినీళ్లతో తుడవమని చెప్పకుండా వదిలేసింది నేనే. క్లోరిన్ స్టీలును తినేస్తుంది. చెయ్యమన్నది నేను, మాట పడింది ఆవిడ.

అందుకని మీరు ఏ షోరూముకు వెళ్లినా ముందు వేసుకోవాల్సిన ప్రశ్న "దీన్ని తుడిచేదెవరు, దేనితో, ఎంతసేపట్లో" అన్నదే. రోజుకు అరవై మంది అంటే పేషెంటుకూ పేషెంటుకూ మధ్య మీ ఆయాకు దొరికేది ఒకటి రెండు నిమిషాలు. అంతలో ఒక చేత్తో, ఒక గుడ్డతో, మూలలు వెతుక్కోకుండా తుడవగలిగేదే మీ క్లినిక్కుకు పనికొస్తుంది. మిగతాదంతా కేటలాగులో బొమ్మ.

ఇంకో మాట. మీకు తెలిసిందే, కానీ భయంలో మరిచిపోతున్నారేమో. కుర్చీలూ బల్లలూ గాయం లేని చర్మానికి తగిలే వస్తువులు. కత్తెరలతో, సూదులతో వాటిని సమానం చెయ్యక్కర్లేదు. మీ చేతులు పేషెంటుకూ పేషెంటుకూ మధ్య కడుక్కోవడం వెయ్యి సోఫాల పెట్టు. టి.బి. గాలిలో వస్తుంది, దానికి బెంచీ తుడిచి లాభం లేదు, కిటికీ తెరవాలి. అలాగని నిర్లక్ష్యమూ కుదరదు. హెపటైటిస్ బి వైరస్ ఎండిపోయిన రక్తపు మరకలో కూడా కనీసం 7 రోజులు బతికి ఉంటుంది. కాబట్టి డబ్బూ పట్టుదలా అన్ని చోట్లా సమానంగా పంచొద్దు. ఇంజెక్షన్లు, డ్రెస్సింగులు చేసే చోట కఠినంగా ఉండండి, ఎగ్జామినేషన్ టేబుల్ దగ్గర జాగ్రత్తగా ఉండండి, హాల్లో కాస్త సర్దుకుపోవచ్చు.

మీ మూడున్నర లక్షల్లో మొదటి రూపాయి ఎగ్జామినేషన్ టేబుల్‌కు ఖర్చు పెట్టమంటాను. ఆ ప్లాస్టరు అంటించిన రెక్సిను రేపే తీసెయ్యాలి. ఒకసారి మా దగ్గర అలాంటి బల్లకు ప్లాస్టరు ఊడదీస్తే, కింద నల్లగా ఎండిపోయిన రక్తం బిళ్లలా కనబడింది. అది ఎన్నాళ్ల కిందటిదో ఎవరికీ తెలియదు. పైన మాత్రం రోజూ తుడుస్తూనే ఉన్నాం. చిరుగు పడిందంటే లోపలి స్పాంజి తాగేస్తుంది, ప్లాస్టరు అంచున జిగురు మురికిని పట్టేస్తుంది.

ఇక్కడ మీకు రెండు దార్లున్నాయి. బల్ల చట్రం గట్టిగా ఉంటే పరుపు ఒక్కటే మార్చుకోవచ్చు. ఖర్చు తక్కువ, రెండ్రోజుల్లో పని అవుతుంది. కానీ వీధి చివర సీట్ల కుట్టుపనివాడు కుడితే మిషను సూది రంధ్రాలు వరసగా ఉంటాయి, అంచుకు అందంగా పైపింగు పెడతాడు, మధ్యలో గుండీలు కూడా నొక్కుతాడు. ఆ రంధ్రాలూ, పైపింగు కింది సందూ, గుండీ గుంటా అన్నీ తడి దిగే దార్లే. గుండీలు, పైపింగు వద్దని ముందే చెప్పి, కుట్టు పక్కలకు, కిందికి వచ్చేలా చేయించుకుంటే కొన్నేళ్లు గడుస్తుంది. రెండో దారి, హాస్పిటల్ సామాన్లు అమ్మేవాళ్ల దగ్గర అంచులు వేడితో అతికించిన పరుపున్న కొత్త బల్ల. ధర ఎక్కువే, కుట్టు రంధ్రాల బెడద ఉండదు.

ఏది కొన్నా ముందు ఒక పరీక్ష పెట్టండి. అంగట్లో శాంపుల్ ముక్క అడగండి, కుట్టు ఉన్న ముక్కే అడగండి. కుట్టు మీద ఒక చెంచా నీళ్లు పోసి, కింద పేపరు పెట్టి పది నిమిషాలు వదిలెయ్యండి. పేపరు తడిస్తే ఆ పరుపు మీకొద్దు. తర్వాత ఆ ముక్కను ఇంటికి తెచ్చి, మీ క్లినిక్కులో వాడే ద్రావణంతో రోజుకు పదిసార్లు, రెండు వారాలు తుడిపించండి. బెటాడిన్ ఒక చుక్క వేసి మర్నాటిదాకా ఉంచండి. మడిచి చూడండి. గట్టిపడినా, మడతలో సన్నగా పగిలినా, రంగు దిగినా తిప్పి పంపండి. స్పిరిట్‌తో మాటిమాటికీ తుడిస్తే మామూలు రెక్సిను ఏడాదికే అప్పడంలా అవుతుంది, అందులోని మెత్తదనం పోతుంది. కాబట్టి బల్ల పరుపుకు రోజువారీ తుడుపు సబ్బునీళ్లతో, ఆ తర్వాత పలచని హైపోక్లోరైట్‌తో, అంటే క్లోరిన్ ఉన్న బ్లీచు ద్రావణంతో, ఆఖరున మంచినీళ్లతో. స్పిరిట్ చిన్న చిన్న వస్తువులకు, స్టెతస్కోపుకు, ట్రేలకు ఉంచుకోండి.

చట్రం సంగతిలో సముద్రం గాలి మీకు శత్రువు. ఉప్పుగాలికి ఇనుము తుప్పు పడుతుంది, పైన మీరు పోసే క్లోరినూ తోడవుతుంది. పౌడర్ కోటింగ్, అంటే పొడి రంగు చల్లి వేడితో అంటించిన పూత, వేసిన ఇనుప చట్రం చవక. అయితే మాపు కర్ర తగిలే చోట కోటింగు పెచ్చు లేస్తుంది, కాళ్ల కింది రబ్బరు బుష్షుల్లో నీళ్లు నిలిచి లోపల్లోపలే తుప్పు మొదలవుతుంది. నాలుగైదేళ్లకోసారి మార్చుకుంటానంటే అదీ తప్పు కాదు. స్టీలు కొంటానంటే ఒక మాయ తెలుసుకోండి. తుప్పు పట్టని స్టీలులో 304, 202 అని రకాలున్నాయి, మేలైనది 304. అంగడివాడు అయస్కాంతం తెచ్చి, "చూడండమ్మా, అంటుకోవట్లేదు, 304 గ్రేడు" అంటాడు. 202 గ్రేడుకు కూడా అయస్కాంతం అంటుకోదు! అందులో నికెల్ తక్కువ, మాంగనీసు ఎక్కువ, ధర తక్కువ, తుప్పు త్వరగా. సముద్రానికి దగ్గరలో ఆ తేడా తొందరగానే బయటపడుతుంది. 304 అని బిల్లు మీద రాయించుకోండి, రాయనంటే మీకు జవాబు దొరికినట్టే. 304 కూడా క్లోరినుకు చావనిదేమీ కాదు సుమా, తుడిచాక మంచినీళ్ల గుడ్డ వెయ్యకపోతే దాని మీదా చుక్కలు పడతాయి. మీది ఉప్పు బోరైతే ఆ ఆఖరి తుడుపుకు మున్సిపల్ నీళ్లు వాడండి.

గుడ్డ తెర తీసెయ్యండి. పేషెంటు లేచినప్పుడల్లా చేత్తో పట్టుకునేది దాన్నే, ఉతికేది ఎప్పుడో పండక్కి. మూడు మడతల స్టీలు చట్రానికి తుడవగలిగే ప్లాస్టిక్ షీటు బిగించినవి దొరుకుతాయి.

ఇప్పుడు హాలు. గుడ్డ సోఫా మీద నా మాట మొహమాటం లేకుండా చెబుతాను: దాన్ని పేషెంట్లు కూర్చునే చోట పెట్టొద్దు. యాంటీ బ్యాక్టీరియల్ అన్న మాట అబద్ధం కాకపోవచ్చు, కొన్ని గుడ్డలకు అలాంటి పూతలు వేస్తారు. కానీ ఆ పూత వాంతిని ఎత్తిపోయదు, రక్తాన్ని పిండదు. పైన మురికి పేరుకున్నాక ఆ పూత సూక్ష్మజీవికి తగిలేదే లేదు. తుడిచే పని అది తగ్గించదు, తుడవడానికి వీల్లేకుండా చేస్తుంది.

మరేం పెట్టాలంటే, నాలుగు రకాలు మీ బడ్జెట్లో వస్తాయి, నాలుగింటికీ చెరో కష్టం ఉంది.

ఒకే అచ్చులో పోసిన ప్లాస్టిక్ కుర్చీలు అన్నింటికంటే చవక. అతుకు లేదు, కుట్టు లేదు, పెరట్లోకి తీసుకెళ్లి సబ్బుతో కడిగి ఎండలో పెట్టొచ్చు. నా ఓటు సగం వీటికే. అయితే చేతులు లేనివి కొనకండి. మోకాళ్ల నొప్పులున్న ముసలమ్మలు లేవడానికి పట్టు కావాలి. సన్నరకం కుర్చీలు నున్నటి టైల్సు మీద కాళ్లు పరుచుకుంటాయి, లావుపాటి మనిషి కింద విరిగిన కేసులకు నేను కట్లు కట్టాను. బరువైన రకం తీసుకోండి. మీ అన్నయ్యగారికి మాత్రం ఇవి పెళ్లిపందిరి కుర్చీల్లా కనిపిస్తాయి.

చిల్లుల స్టీలు త్రీ సీటర్లు, రైల్వే స్టేషన్లలో ఉండేలాంటివి, గట్టివి. కదలవు, దొంగతనం కావు, గాలి ఆడుతుంది. చిల్లులతో ఒక చిక్కుంది. ఏదైనా ఒలికితే అది చిల్లుల్లోంచి కిందికి దిగి అడుగున ఎండిపోతుంది. పైన తుడిచినవాళ్లకు కనబడదు. వంగి అడుగు తుడిచే ఆయాను నేనింతవరకు చూడలేదు, ఆవిడకు నడుమూ ఉంటుంది కదా. చిల్లులు లేని రేకు సీటువి దొరికితే మేలు.

రెక్సిను సీట్ల కుర్చీలు మెత్తగా ఉంటాయి, గర్భిణులు, ముసలివాళ్లు గంటసేపు కూర్చోగలరు. చిరిగిన రోజునే మార్చే ఓపిక, డబ్బు ఉంటే పెట్టుకోండి. లేకపోతే రెండేళ్లలో మళ్లీ ప్లాస్టరు దగ్గరికే వస్తారు. మే నెలలో కరెంటు పోయినప్పుడు తొడలకు అంటుకుంటుంది, అది వేరే సంగతి. అన్నీ కాకుండా రెండు మూడు మాత్రం ఇవి పెట్టి, ముసలివాళ్లకు కేటాయించడం ఒక పద్ధతి.

నాలుగోది, ఉన్న టేకు బెంచీలే. పాత లక్క పూర్తిగా గీకించి, సందులు పూడ్పించి, పి.యు. పాలిష్ (పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్ లాంటి పూత) వేయిస్తే సబ్బునీళ్లకు, పలచని హైపోక్లోరైట్‌కు ఓర్చుకుంటుంది. క్లినిక్కు నాలుగైదు రోజులు మూయాలి, థిన్నరు వాసన పోవడానికి ఇంకో రెండ్రోజులు. గీతలు పడ్డ చోట ఎప్పటికప్పుడు పూత వేయించాలి. వీపు భాగంలో చెక్కుడు పనులుంటే ఆ పువ్వుల మధ్య మురికి అలాగే ఉంటుంది, ఏ పాలిష్షూ దాన్ని ఆపదు. సాదా పలక బెంచీ అయితే నిక్షేపంగా పనికొస్తుంది.

నేనైతే ఇంకొకటి ఆలోచిస్తాను. మీ ఉత్తరంలో ముందు వసారా గురించి రాశారు, అక్కడ చెప్పులు విప్పుతారని. రెండు బెంచీలు బాగుచేయించి అక్కడ వేయించండి. దగ్గుతో, జ్వరంతో వచ్చినవాళ్లు అక్కడ కూర్చుంటే గాలి వాళ్లను దాటుకుని బయటికి పోతుంది, మూసిన హాల్లో పదిమంది మధ్య దగ్గాల్సిన పని ఉండదు. పాత పేషెంట్లకు ఆ బెంచీ అలవాటు, మామయ్యగారు పొద్దున పేపరు చదువుకోవడానికీ ఉంటుంది. వానాకాలంలో జల్లు కొడుతుందంటారేమో, ఒక రేకు దించుకోవాల్సి వస్తుంది. ఇంటి వెనక సామాన్ల గదికి పంపడంకంటే అది మేలు. ఆ గదికి పంపితే ఆయన దృష్టిలో మీరు పంపింది బెంచీని కాదు.

ఏ కుర్చీ అయినా గోడకు ఆనించకుండా, కింద మాపు కర్ర తిరిగేలా అర అడుగు ఎత్తు ఉండేలా చూసుకోండి. నేలకు అంటుకుని కూర్చునే సోఫాల కింద ఏముంటుందో మీ ఇంట్లో సోఫా జరిపి చూస్తే తెలుస్తుంది. కిటికీకి అడ్డంగా ఏదీ పెట్టొద్దు.

రిసెప్షన్ కౌంటరుకు సన్‌మైకా సరిపోతుంది. అయితే లోపల ఏ చెక్క ఉందో అడగండి. చెక్కపొట్టు జిగురుతో అదిమి చేసిన పార్టికల్ బోర్డయితే అంచుల్లోంచి తడి తాగి, ఆరు నెలల్లో పూరీలా ఉబ్బుతుంది. నీటిని తట్టుకునే ప్లైవుడ్ మీద ఐ.ఎస్. 710 అని భారత ప్రమాణాల ముద్ర ఉంటుంది. అంచులకు పట్టీ గట్టిగా అంటించారో లేదో గోరుతో లాగి చూడండి. పైపలక గ్రానైటు పెట్టించుకుంటే ఇంకా హాయి, ప్రకాశం జిల్లా చీమకుర్తి నల్లరాయికి మన దగ్గర కొరతేముంది! నున్నగా పాలిష్ చేసిన గ్రానైటు ఏ మందుకూ పెద్దగా చలించదు. పాలరాయి మాత్రం వద్దు, యాసిడ్ చుక్క పడితే మచ్చ పడిపోతుంది.

మీ టేబుల్ మీద అద్దం ఉందా? ఉండే ఉంటుంది. అద్దం కింద దేవుడి బొమ్మలు, మెడికల్ రెప్పులు ఇచ్చిన క్యాలెండర్లు, విజిటింగ్ కార్డులు కూడా ఉంటాయి. తుడిచినప్పుడల్లా అంచుల్లోంచి తడి లోపలికి పోయి, కాగితం చెక్కకు అతుక్కుని బూజు పడుతుంది. బొమ్మలను గోడకెక్కించండి, దేవుడికీ అదే గౌరవం.

తుడిచే మందుల కొలత ఒక కాగితం మీద తెలుగులో పెద్దక్షరాలతో రాసి గోడకు అంటించండి. మీరు కొనే హైపోక్లోరైట్ సీసా మీద ఎంత శాతమో చూసుకోండి. 5 శాతం అయితే, మామూలు తుడుపుకు లీటరు నీళ్లలో 20 మిల్లీలీటర్లు. రక్తం ఒలికితే ఒక వంతు మందుకు నాలుగు వంతుల నీళ్లు. గ్లవ్స్ వేసుకుని, పేపరో గుడ్డో కప్పి, దాని మీద ఆ ద్రావణం పోసి, కనీసం పది నిమిషాలు ఆగి, ఎత్తి ఆసుపత్రి చెత్తకు వాడే పసుపు సంచిలో వెయ్యాలి, ఆ తర్వాత నీళ్లతో తుడవాలి. మామూలు తుడుపులో మాత్రం మురికి మీద నేరుగా మందు పోస్తే మందు మురికితోనే అయిపోతుంది, అందుకే ముందు సబ్బు. ద్రావణం ఏ రోజుకారోజు కలుపుకోవాలి. సీసా ఎండ తగలని చోట ఉండాలి. బాత్రూం యాసిడ్‌తో కలిస్తే విషవాయువు వస్తుందని ఎర్ర సిరాతో రాయండి. వాసన ఘాటుగా ఉంటే బాగా పనిచేస్తుందని మనవాళ్ల నమ్మకం, ఫినాయిలు కంపు కొడితేనే ఆసుపత్రి అనుకునే తరం మాది. ఆ నమ్మకంతోనే చిక్కగా కలుపుతారు, రెక్సినూ స్టీలూ దానికే పోతాయి. మిల్లీలీటర్ల గుర్తులున్న ఒక ప్లాస్టిక్ కప్పు కొనివ్వండి. మీ బడ్జెట్లో అన్నింటికంటే చవకైన ఫర్నిచర్ అదే.

అన్నయ్యగారి దగ్గర మీరు "వద్దు" అనే మాట వాడకుండానే గడవచ్చు. ఆయన వ్యాపారస్తుడు. చేతులున్న అచ్చు కుర్చీలు పన్నెండు, ఐ.ఎస్. 710 ప్లైవుడ్ కౌంటరు ఒకటి, తలుపులున్న అల్మారాలు రెండు అని జాబితా ఇస్తే ఆయన సంతోషంగానే తెప్పిస్తారు, మీ యాభై వేలు అందులో జమ అవుతాయి. ఆ సోఫాలు ఇప్పటికే తయారైపోయాయంటే రెండు దార్లు. ఒకటి మేడ మీద ఇంటి హాల్లో వేసుకోవడం. డబ్బు మీ క్లినిక్కు ఖాతాలోంచి కాకుండా ఇంటి ఖాతాలోంచి పోతుంది, అది మీవారితో ముందే మాట్లాడుకోండి. రెండోది అడ్వాన్సులో కొంత వదులుకోవడం. డబ్బు నష్టమే, కానీ ఏటా దసరాకు కలిసే చుట్టరికం కాబట్టి ఎవరి నోట ఏ మాట జారుతుందో ఆలోచించుకోవాలి. నేనైతే మేడ మీదికే ఓటు. ఇంకోటి, మీవారు అడగకుండా ఇచ్చారన్న కోపం అన్నయ్యగారి మీద చూపించకండి, అది ఇంట్లో ఇద్దరూ కూర్చుని తేల్చుకోవాల్సింది.

మామయ్యగారి విషయం మిగిలింది. ఆయన ప్రాక్టీసు పెట్టిన రోజులు గుర్తు తెచ్చుకోండి. గాజు సిరంజీలు, స్టెరిలైజరులో కుతకుత మరగబెట్టడం, సూదులకు సాన పట్టించడం, ఇవన్నీ చేసిన చేతులవి. డిస్పోజబుల్ సిరంజీలు వచ్చినప్పుడు ఆయన ఆ స్టెరిలైజరును పక్కన పెట్టే ఉంటారు. ఎప్పుడు, ఎందుకు పెట్టారో అడగండి, చెప్పనివ్వండి. బహుశా అరగంట చెబుతారు. శుభ్రం అన్న మాట మీతోనే ఆ ఇంట్లోకి వచ్చిందన్నట్టు మీరు మాట్లాడుతున్నారేమో ఒక్కసారి చూసుకోండి. ఆయనకు వినిపిస్తున్నది బహుశా అదే.

అత్తగారి దిండ్లు హాల్లోంచి తీసెయ్యాల్సిందే, అందులో రెండో మాట లేదు. గలేబులు విప్పి, వేడినీళ్లలో ఉతికి, ఇస్త్రీ చేయించి ఆయన చేతికివ్వండి. లోపలి దూది పారెయ్యండి. ఆయన కేన్ కుర్చీ జోలికి మాత్రం వెళ్లకండి. అల్లికలో దుమ్ము ఉంటే ఉండనివ్వండి, వారానికోసారి బ్రష్షుతో దులిపితే చాలు. అందులో పేషెంట్లు కూర్చోరు, ఆయన కూర్చుంటారు.

ఆయా ఇంటికి మీరే వెళ్లండి, కబురు పంపకండి. పేషెంట్ల ముందు తిట్టినదానికి, ఆవిడ వీధిలోనే నలుగురిలో తప్పు నాదేనని ఒక మాట అంటే సరిపోతుంది. రాకపోవచ్చు కూడా, అప్పటికే ఇంకెక్కడో పనికి కుదిరి ఉండొచ్చు. వస్తే మాత్రం ఆ రెక్సిను ముక్కలు, ఒక చెంచా, నీళ్ల గ్లాసు పట్టుకెళ్లి, ఏది తొందరగా తుడుపు పడుతుందో ఆవిణ్నే చెప్పమనండి. పదిహేడేళ్లుగా ఆ బల్ల తుడిచింది ఆవిడే.